అభిమానం ఉన్న అభిమానిని

'రోబో' సినిమా 2010 అక్టోబరులో విడుదలైంది. మా ఎడ్లపాడు నుంచి చిలకలూరిపేట ఎంత దూరం గనక! మొదటి వారంలోనే వెళ్ళి చూశాను. సైన్స్ ఫిక్షన్ అంటే చిన్నప్పట్నుంచీ నాకు పిచ్చి. అందులో ఒక సన్నివేశం ఉంది. మంటలంటుకున్న అపార్ట్‌మెంట్‌లోంచి చిట్టి అనే మరమనిషి ఒక్కొక్కర్నీ మోసుకొచ్చి కాపాడుతుంటాడు. స్నానం చేస్తున్న ఒక అమ్మాయి, ఒంటిమీద బట్టల్లేవు, నన్నిలా తీసుకెళ్ళొద్దని బతిమాలుతుంది. మరమనిషికి సిగ్గంటే ఏమిటో తెలియదు. ఆమెను ఎత్తుకొచ్చి జనం మధ్య, టీవీ కెమెరాల మధ్య దించుతాడు. ఆ పిల్ల అవమానం భరించలేక రోడ్డు మీదకు పరుగెత్తి లారీ కింద పడి చచ్చిపోతుంది. మరమనిషికి మనసు లేకపోవడం వల్లే ఇలా జరిగిందని తేల్చి, శాస్త్రవేత్త దానికి మనసు నేర్పడానికి పూనుకుంటాడు. కథ ముందుకు సాగిపోతుంది.

నేనూ సాగిపోయాను. విరామంలో సమోసా తిన్నాను కూడా. ఆ కెమెరాలు పట్టుకుని నిలబడ్డవాళ్ళకు మనసు ఎవరు నేర్పుతారని నాకు తట్టలేదు. వాళ్ళు మరమనుషులు కాదు కదా! ఒంటిమీద బట్టలేకుండా పదిమంది కంట్లో పడిన ఆడపిల్ల చచ్చిపోవడం దర్శకుడికి ఎంత సహజంగా తోచిందో, చూస్తున్న నాకూ అంత సహజంగానే తోచింది.

ఆ సన్నివేశం మళ్ళీ నిరుడు గుర్తొచ్చింది. మా అక్క ఫోన్ చేసి ఏడుస్తూ, "ఈ పిల్ల ఇంతకన్నా చచ్చినా బాగుండేదే" అన్నప్పుడు. అక్క కూతురు బీఎస్సీ మూడో ఏడు చదువుతోంది. ఎవరో దాని మొహాన్ని ఇంకెవరి ఒంటికో అతికించి వీడియో చేశారు. కాలేజీ మగపిల్లల గ్రూపులో అది తిరుగుతోంది. "చచ్చినా బాగుండేది" అన్నది కన్నతల్లి. చెడ్డ మనిషి కాదు. ఆ పిల్ల కోసం మిరప కోతలకు పోయిన మనిషి. ఆ మాట మా అక్కకు ఎవరు నేర్పారు? నాకెవరు నేర్పారు? అప్పట్నుంచీ నేను ఇష్టపడి చూసినవన్నీ, చదివినవన్నీ వెనక్కి తిరిగి చూసుకుంటున్నాను.

మా ఇంట్లో తాతయ్య బైండు చేయించిన పాత 'చందమామ'లు ఉండేవి. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్స్ కోసం అన్నదమ్ములతో కొట్లాడేదాన్ని. అవి రాసిన మనిషి పేరు దాసరి సుబ్రహ్మణ్యం అని పెద్దయ్యాక గానీ తెలియలేదు. పత్రికలో ఆయన పేరు వేసేవాళ్ళు కాదు. ఆ కథల్లో రాకుమారులు కొండలెక్కేవాళ్ళు, మాంత్రికుల గుహల్లో దూరేవాళ్ళు. నేను చదివేటప్పుడు రాకుమారుణ్ణే. మా ఊరి పక్కనున్న కొండవీటి కోట ఎక్కితే, ఆ కథలన్నీ అక్కడే జరిగాయని నాకు నమ్మకం. రాకుమార్తెగా నన్ను నేను ఊహించుకున్న గుర్తు లేదు. ఊహించుకుంటే ఎవరో ఎత్తుకుపోవాలి, ఇంకెవరో విడిపించాలి. అందులో మజా ఏముంది?

తర్వాత 'శక్తిమాన్' వచ్చింది. 1997లో మొదలై 2005 దాకా దూరదర్శన్‌లో నడిచింది. ఆదివారం మధ్యాహ్నం మా వీధిలో టీవీ ఉన్న ఇంటి వసారా నిండిపోయేది. హిందీ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా కరెంటు పోతే ఏడ్చేవాళ్ళం. మగపిల్లలు చెయ్యి పైకెత్తి గిరగిరా తిరిగేవాళ్ళు. నాకు మాత్రం గీతా విశ్వాస్ కావాలనుండేది. ఆమె విలేకరి. ఉద్యోగం చేస్తుంది, ప్రశ్నలడుగుతుంది, వార్త కోసం ఎంత దూరమైనా వెళ్తుంది. మా ఊళ్ళో అప్పటికి అలాంటి ఉద్యోగం చేసే ఆడమనిషిని నేను చూడలేదు. ఆమె ప్రమాదంలో పడటం, అతనొచ్చి కాపాడటం వారం వారం ఉండేవే. వాటిని పక్కకు తోసేసి నాకు కావలసింది నేను ఏరుకునేదాన్ని. ఆడ అభిమానులు అందరూ చేసే పని ఇదే అనుకుంటాను. మన కోసం వండని వంటలోంచి మనకు పనికొచ్చేది ఏరుకుని తినడం.

కేబుల్ వచ్చాక 'స్మాల్ వండర్' చూశాం. అమెరికా సీరియల్, 1985లో అక్కడ మొదలైంది. ఒక ఇంజనీరు పదేళ్ళ ఆడపిల్ల ఆకారంలో మరమనిషిని తయారుచేసి ఇంటికి తెచ్చుకుంటాడు. పేరు విక్కీ. చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది, ఎదురు చెప్పదు. పని లేనప్పుడు కొడుకు గదిలో ఒక బీరువాలో నిలబెడతారు. 2003లో అదే కథ 'కరిష్మా కా కరిష్మా' పేరుతో హిందీలోనూ వచ్చింది. నేను పడీపడీ నవ్వేదాన్ని. అమ్మ మిరపకాయల తొడిమలు తీసే పనికి పోయి, వేళ్ళు మండుతుంటే కొబ్బరినూనె రాసుకుంటూ కూర్చుని చూసేది. ఒకరోజు అన్నది: "పాపం, ఆ పిల్లని బీరువాలో ఎందుకు పెడతారే? కూలి లేకుండా చేస్తది గదా, పడుకోను మంచమన్నా ఇయ్యొచ్చుగా."

"అమ్మా, అది మనిషి కాదు, యంత్రం" అని విసుక్కున్నాను.

"ఆడపిల్లలాగానే ఎందుకు చేశారు మరి?" అన్నది అమ్మ.

ఈ ప్రశ్నకు నా దగ్గర అప్పుడు జవాబు లేదు. అమ్మ ఎప్పుడూ సైన్స్ ఫిక్షన్ అనే మాట వినలేదు. కానీ సరిగ్గా పట్టుకోవలసిన చోట పట్టుకుంది. యంత్రం తయారుచేసే అవకాశం దొరికినప్పుడు మగవాడి ఊహ ఎటు పోతుంది? ఎదురు చెప్పని కూతురు, జీతం అడగని పనిమనిషి, మనం చెప్పినట్టు కదిలే ఆడశరీరం. ఇవాళ ఫోన్‌లో నాలుగు నొక్కులతో ఆడపిల్ల బొమ్మను తన ఇష్టం వచ్చినట్టు కదిలించే కుర్రాడు ఆ ఊహకు వారసుడే.

ఇంతేనా సైన్స్ ఫిక్షన్? కాదు. కాకపోబట్టే నేనింకా దాని అభిమానిని.

ఫోన్‌లో ఇంటర్నెట్ వచ్చాక, నాలాంటి వాళ్ళు లోకంలో ఇంకెవరైనా ఉన్నారా అని వెతికాను. అప్పుడు తెలిసింది, ఇవాళ్టి అభిమాన సంస్కృతికి పునాదులు వేసిన వాళ్ళలో ఆడవాళ్ళు ముందున్నారని. 'స్టార్ ట్రెక్' 1966లో అమెరికా టీవీలో మొదలైంది. మరుసటేడే, 1967లో, ఆ సీరియల్ మీద 'స్పాకనేలియా' అనే పత్రికను ఆడవాళ్ళే సొంతంగా అచ్చు వేసి పంచుకున్నారు. ఆ సీరియల్‌ని ఆపేస్తారన్న మాట వినిపించినప్పుడు బీజో ట్రింబుల్ అనే అభిమాని, ఆమె భర్త జాన్ కలిసి ఉత్తరాల ఉద్యమం నడిపారు. టీవీ కంపెనీ 1968లో దిగొచ్చి సీరియల్ కొనసాగుతుందని ప్రకటించింది. ఆ ఓడలో నల్లజాతి అధికారి ఉహురాగా నటించిన నిషెల్ నికోల్స్, తర్వాత ఆడవాళ్ళనూ నల్లవాళ్ళనూ వ్యోమగాములుగా చేరమని నాసా తరఫున ప్రచారం చేసింది. ఉహురాను చూస్తూ పెరిగిన మే జెమిసన్ 1992లో నిజంగానే అంతరిక్షానికి వెళ్ళింది, అలా వెళ్ళిన మొదటి నల్లజాతి స్త్రీ ఆమె. మరుసటేడు స్టార్ ట్రెక్ కొత్త సీరియల్‌లో ఒక చిన్న పాత్ర కూడా వేసింది! అభిమానం ఎంత దూరం తీసుకెళ్తుందో చూడండి.

మన దగ్గరా దీనికి మొదలుంది. రొఖయా సఖావత్ హుసేన్ 'సుల్తానాస్ డ్రీమ్' కథ 1905లో మద్రాసు నుంచి వెలువడే 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో అచ్చయింది. ఆ పత్రిక సంపాదకురాలు కమలా సత్యనాథన్, రాజమండ్రిలో పుట్టిన మన తెలుగు స్త్రీ. ఆ కథలో ఆడవాళ్ళ విశ్వవిద్యాలయాలు మబ్బుల్లోంచి నీళ్ళు తోడుకుంటాయి, ఎండవేడిని దాచుకుంటాయి. ఎగిరే వాహనాలుంటాయి. మగవాళ్ళు పరదాల వెనక ఇల్లు చూసుకుంటుంటారు. వానకోసం ఎదురుచూసే పల్నాడులో పుట్టినదాన్ని కదా, ఆ మబ్బుల భాగం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. రొఖయా యంత్రాన్ని తలచుకున్నప్పుడు ఆమెకు బీరువాలో నిలబెట్టే పిల్ల తట్టలేదు. నీళ్ళు తట్టాయి, వెలుతురు తట్టింది, భయం లేకుండా వీధిలో నడవడం తట్టింది. యంత్రం ఒకటే. దాన్ని ఊహించే మనసులో తేడా.

ఇక మన 'అభిమానుల' సంగతి. తెలుగులో అభిమాని అంటే మొదట గుర్తొచ్చేది హీరో అభిమానే. 2020 జూన్‌లో మీరా చోప్రా అనే నటి, తనకు ఫలానా హీరో కంటే ఫలానా హీరో ఇష్టమని ట్విట్టర్‌లో చెప్పింది. అంతే! ఆ మొదటి హీరో అభిమానులమని చెప్పుకున్నవాళ్ళు అత్యాచారం చేస్తామని, చంపుతామని బెదిరించారు. హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు కేసు పెట్టవలసి వచ్చింది. ఒక ఆడమనిషి తన ఇష్టం తాను చెప్పినందుకు!

అదే ఏడు చివర్లో నా చిన్నప్పటి శక్తిమాన్, అంటే ముఖేష్ ఖన్నా, మాట్లాడిన వీడియో ఒకటి అందరి ఫోన్లలోకీ వచ్చింది. ఆడవాళ్ళ పని ఇల్లు చూసుకోవడమని, వాళ్ళు బయట పనికి రావడంతోనే 'మీ టూ' సమస్య మొదలైందని అందులో అన్నాడు. తర్వాత, నా ఉద్దేశం అది కాదు, ఆడవాళ్ళ ఉద్యోగాలకు నేను వ్యతిరేకిని కాను అని వివరణ ఇచ్చుకున్నాడు. నాకు మాత్రం గీతా విశ్వాస్ గుర్తొచ్చింది. ఎనిమిదేళ్ళు ఆమె పక్కన నిలబడి నటించిన మనిషికి ఆమె ఉద్యోగం ఏమీ నేర్పలేదా? కోపం కంటే దిగులేసింది. వసారాలో కూర్చున్న ఆ పిల్లకు ఏం చెప్పను?

ఇదంతా బయటివాళ్ళ గురించి. ఇప్పుడు నా గురించి చెప్పాలి.

2023 నవంబరులో రష్మిక మందన్న వీడియో అని ఒకటి తిరిగింది. నల్లటి బిగుతు బట్టల్లో ఒకామె లిఫ్టులోకి వస్తుంది. నాకూ వచ్చింది. చూశాను. "ఈమెకిదేం పోయేకాలం, ఇట్టాంటి బట్టలు!" అని పక్కనున్న టీచరమ్మతో అన్నాను కూడా. స్త్రీవాద పుస్తకాలు చదివే నేను! మరి రెండు రోజులకు అది డీప్‌ఫేక్ అని తెలిసింది. యంత్రం సాయంతో వేరే ఆమె వీడియోకి రష్మిక మొహం అతికించారు. ఇదే తను బడిలోనో కాలేజీలోనో ఉన్నప్పుడు జరిగుంటే ఎలా తట్టుకునేదాన్నో ఊహించలేనని ఆమె రాసింది. చదివి సిగ్గుపడ్డాను. మొహం ఆమెది కాదని తెలిశాక కదా సిగ్గుపడ్డాను! ఆమెదే అయితే నా తీర్పు సరైనదే అయిపోయేదా?

2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు ఈ కేసులో ఒక యువకుణ్ణి అరెస్టు చేశారు. ఎక్కడో ముంబయి వాడో విదేశాల వాడో అనుకున్నాం. మన గుంటూరు జిల్లా వాడు. 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా ఏర్పడేదాకా మా ఎడ్లపాడూ ఆ జిల్లాలోదే. ఇంజనీరింగ్ చదివినవాడు. పోలీసులు చెప్పిన దాని ప్రకారం అతను రష్మికకు అభిమాని. ఆమె పేరిట అభిమానుల పేజీ నడుపుతున్నాడు. దాన్ని అనుసరించే వాళ్ళను పెంచుకోవడానికి ఈ వీడియో పెట్టాడు. రెండు వారాల్లో ఆ సంఖ్య 90 వేల నుంచి లక్షా ఎనిమిది వేలకు పెరిగిందట. నేరం తేల్చేది కోర్టు. నన్ను కుదిపింది ఒకే మాట. అభిమాని! ద్వేషించేవాడు కాదు, అభిమాని. నేను చిన్నప్పట్నుంచీ నా గురించి గర్వంగా చెప్పుకునే మాట.

ఇక మా పిల్ల సంగతి. దానికి బొమ్మలు వేయడం ఇష్టం. జపాన్ కార్టూన్లు చూసి, లంగా ఓణీ వేసుకున్న వీరవనితల కామిక్స్ గీసి తన పేజీలో పెట్టేది. ఎర్ర మిరపకాయల కళ్ళం మీదుగా ఎగిరే అమ్మాయి దాని నాయిక. కాలేజీ ఉత్సవంలో ఆ నాయిక వేషం తనే కట్టి ఫోటో పెట్టింది. ఆ ఫోటోలోంచే మొహం తీసుకున్నారు.

నేను వెళ్ళేసరికి దాని ఫోన్ బావగారి జేబులో ఉంది. కాలేజీ మాన్పించడం అయిపోయింది. సంబంధాలు చూడమని అప్పటికే ఇద్దరికి కబురు వెళ్ళింది. "ఆ యేషాలూ ఆ ఫోటోలూ పెట్టకపోతే ఇది జరిగేదా?" అన్నాడు బావగారు. ఇక అందరూ అదే మాట. వీడియో చేసినవాడి పేరు ఒక్కరి నోటా రాలేదు. తొమ్మిది మంది పెద్దవాళ్ళం ఆ గదిలో ఉన్నాం, కెమెరాల్లాగా.

పిల్ల గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి అన్నది: "పిన్నీ, ఆ మొహం నాది. ఒళ్ళు నాది కాదు. ఆ ఒళ్ళు ఎవరిదో పిన్నీ? ఆమెకు తెలుసో లేదో."

నా గుండె ఆగినంత పనైంది. రష్మిక వీడియో అప్పుడు నేను ఈ మాట ఆలోచించలేదు. ఆ ఒళ్ళు జారా పటేల్ అనే బ్రిటన్‌లో ఉండే భారత సంతతి అమ్మాయిది. తన బట్టల్లో, తన ఇష్టంతో తీసుకున్న వీడియో అది. ఒకామె మొహం దొంగిలించారు, ఇంకొకామె ఒళ్ళు దొంగిలించారు. "మా అమ్మాయి అలాంటిది కాదు, అది ఆమె ఒళ్ళు కాదు" అని మనం నెత్తీ నోరూ కొట్టుకుంటే, ఆ ఒళ్ళున్న ఆడమనిషిని "అలాంటిది" చేసి వదిలేస్తున్నాం. ఇరవై ఏళ్ళ పిల్ల, తన ప్రాణం మీదకొచ్చిన రోజున, ఆ రెండో ఆమె గురించి అడిగింది. దానికి మనసు ఎవరూ నేర్పనక్కర్లేదు.

మర్నాడు నేనూ అదీ కలిసి ఫిర్యాదు ఇచ్చాం. 1930కి ఫోన్ చేయొచ్చని, కేంద్రం నడిపే సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఆడవాళ్ళ మీద జరిగే ఇలాంటి నేరాలకు పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు పెట్టొచ్చని మా బళ్ళో పిల్లలకు నేనే చెప్పేదాన్ని. సమాచార సాంకేతిక చట్టంలో 67, 67ఎ సెక్షన్లున్నాయని కాగితం మీద రాసుకుని వెళ్ళాను. "మొదట నువ్వు పెట్టిన ఫోటో ఎట్టాంటిది?" అనే అక్కడా అడిగారు. పిల్ల తలెత్తి, "నేను గీసిన బొమ్మ వేషం వేసుకున్న ఫోటో" అని చెప్పింది. దాని గొంతు వణికింది గానీ ఆగలేదు. కేసు రాశారు. గ్రూపు మూసేశారు. ఇద్దరి ఫోన్లు తీసుకున్నారు. ఆ వీడియో ఇంకా ఎవరి ఫోన్లో ఉందో, రేపు ఎప్పుడు పైకొస్తుందో ఎవరూ చెప్పలేరు. అంతా చక్కబడిందని నేను రాస్తే అబద్ధం.

పదకొండు రోజుల తర్వాత పిల్ల కాలేజీకి వెళ్ళింది. అక్క బస్టాండు దాకా వచ్చింది. ఏమీ మాట్లాడలేదు, దాని చున్నీ సర్దబోయి, మానుకుని, సంచీ సర్దింది. పెళ్ళి మాట ప్రస్తుతానికి ఆగింది.

ఆ రోజుల్లో దానికి 'ప్రియాస్ శక్తి' అనే కామిక్ చూపించాను. ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత న్యూయార్క్‌లో ఉండే దర్శకుడు రామ్ దేవినేని, మరికొందరు కలిసి 2014లో తెచ్చారు. ఉచితంగానే దొరుకుతుంది. అత్యాచారానికి గురైన ప్రియను ఇంట్లోవాళ్ళే తప్పు నీదేనని వెళ్ళగొడతారు. అడవిలో ఒక పులి ఆమె వెంటపడుతుంది. చివరికి ఆమె ఆ పులిని ఎదుర్కొని, దాన్నే ఎక్కి ఊళ్ళోకి తిరిగొస్తుంది. దేవుళ్ళ ప్రమేయం నాకు ఎక్కువనిపించింది, ఆ మాట పిల్లతో అన్నాను కూడా. అది ఒప్పుకోలేదు. "దేవుళ్ళ సంగతి తర్వాత పిన్నీ. లారీ కింద పడలేదు, పులెక్కింది, అది చూడు" అన్నది. 'రోబో' సన్నివేశం గురించి నేను దానికి చెప్పి ఉన్నాను మరి.

అభిమానం అనే మాటకు తెలుగులో రెండు అర్థాలున్నాయి. ఒకటి ఇష్టం, ప్రేమ. రెండోది ఆత్మగౌరవం. అభిమానవతి అంటే ఎవరో హీరోని ఇష్టపడే మనిషి కాదు, తన గౌరవం తను నిలుపుకునే స్త్రీ. ఇంత మంచి మాట మన చేతిలో ఉండగా, రెండో అర్థాన్ని ఆడపిల్ల పరువుగా మార్చి ఆమె నెత్తిన పెట్టాం. మొదటి అర్థాన్ని మగపిల్లల చేతికి ఫోనుతో పాటు ఇచ్చేశాం. ఎదుటి మనిషికీ అభిమానం ఉంటుందని తెలియనివాడు అభిమాని ఎలా అవుతాడు?

నేను మాత్రం ఈ పిచ్చి వదులుకోను. విక్కీని బీరువాలో పెట్టిన కథలు, ఆడపిల్లను లారీ కింద తోసిన కథలు ఉన్నాయని మబ్బుల్లోంచి నీళ్ళు తోడిన రొఖయాను వదులుకోమంటే ఎలా? చీరాలలో పుట్టిన శిరీష బండ్ల 2021 జులైలో అంతరిక్షం అంచు దాకా వెళ్ళొచ్చాక మా బళ్ళో ఆడపిల్లల కోసం ఆ వీడియో పది సార్లు వేశాను. అలాంటి వీడియోలూ ఉంటాయని వాళ్ళకు తెలియాలి కదా. ఇకమీదట ఏది చూసినా అమ్మ అడిగిన ప్రశ్న పక్కన పెట్టుకునే చూస్తాను: ఆడపిల్లలాగానే ఎందుకు చేశారు?

పిల్ల తన పేజీ మళ్ళీ తెరవలేదు. తెరవమని నేను అడగలేదు. కానీ కాగితం మీద గీస్తోంది. మొన్న వెళ్ళినప్పుడు చూపించింది. కళ్ళం మీదుగా ఎగిరే అమ్మాయి పక్కన ఇంకొకామె చేరింది. ఆమెకు మొహం ఇంకా గీయలేదు.

"ఎవరే ఈమె?" అన్నాను.

"ఆ ఒళ్ళు ఆమెది పిన్నీ. మొహం ఎట్టా ఉంటదో నాకు తెలియదుగా, ఆలోచిస్తన్నా" అన్నది.